హెర్బర్ట్ మేస్త్రీ కొలిచిన గుమ్మాలు

యాదవ్వ విసిరిన అరకిలో తూకం రాయి హెర్బర్ట్ చెవి పక్కనుంచి దూసుకుపోయి, వెనక గోడకు ఆనించిన పలకను చీల్చి కింద పడింది. కాస్త ఇటు వచ్చి ఉంటే కణత పగిలేది. చిత్రిక పడుతున్నవాడు తలెత్తేసరికి ఆ ముసలామె దుకాణంలోకి వచ్చేసి అతని కాలరు పట్టుకుంది.

"కొలతలు తీస్తివి, తలుపులు మింగితివి! బాలింత ఉన్న ఇంటికి తలుపు లేకుంట జేస్తివి గదరా! నీ చేతులిరిగిపోను!"

దుకాణమంటే పెద్దదేమీ కాదు. నాంపల్లి స్టేషనుకు ఎదురు సందులో, సైకిళ్ళ షాపుకూ అత్తరు దుకాణానికీ మధ్య ఇరుక్కున్న రేకుల షెడ్డు. 1996 వానాకాలం. పొద్దున్నుంచీ కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. అరుపులు విని సందులోని వాళ్ళంతా తమాషా చూడటానికి వచ్చారు. హెర్బర్ట్ కోపం వాళ్ళకు తెలియనిది కాదు. గుమ్మం కొలిపించకుండా "అందాజ మీద చేసెయ్ మేస్త్రీ" అన్న గిరాకీని మెడ పట్టి బయటికి నెట్టిన మనిషి అతను. ఈ ముసలామెను ఏం చేస్తాడో అని అందరూ చూస్తున్నారు.

అతనేమీ చేయలేదు. ఆమె చెంప మీద వేళ్ళ అచ్చులు కనిపించాయి. అప్పటికే నీలంగా తిరిగాయి.

"ఎవ్వలు గొట్టిన్రు అవ్వా?" అన్నాడు.

"నువ్వు పంపినోళ్ళే!" అంది యాదవ్వ, కాలరు వదలకుండా.

దెబ్బలంటే ఏమిటో హెర్బర్ట్‌కు బాగా తెలుసు. అతనిది మెదక్. తండ్రి మిషన్ బడి వడ్రంగం షెడ్డులో మేస్త్రీ. ఆ తండ్రి చేతిలోని కొలబద్ద చెక్క మీద కంటే కొడుకు వీపు మీదే ఎక్కువ ఆడింది. కొలతలో ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా వస్తే చాలు, వాత తేలేది. కొలత సరిగ్గా ఉంటే మాత్రం ఆ మనిషికి కొట్టడానికి సాకు దొరికేది కాదు. హెర్బర్ట్‌కు కొలతలంటే అంత పట్టుదల అట్లా వచ్చింది. మీసాలు రాకముందే ఆ ఇంట్లోంచి పారిపోయి నాంపల్లి స్టేషనులో రైలు దిగాడు. అక్కడే పని దొరికింది, అక్కడే దుకాణం పెట్టాడు. ఒంగోలు మిషన్ ఊరి నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తున్న జయమణిని చర్చిలో చూసి పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ దుకాణానికి దగ్గర్లోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు.

యాదవ్వ ఉండేది ఆబిడ్స్ వెనక ఒక పాత బంగళాలో. ఎవరో నవాబు గుమాస్తా కట్టించినది, వాటాలు వాటాలుగా కిరాయికి ఇచ్చారు. సగం వాటాలు అప్పటికే ఖాళీ అయ్యాయి. ముందు వైపు వాటాలో రిటైరైన గుమాస్తా శ్రీరామమూర్తి ఒక్కడే ఉండేవాడు. వెనక వాటాలో యాదవ్వ, ఆమె కోడలు జమున. యాదవ్వ సుల్తాన్ బజార్ మలుపులో కూరగాయలు అమ్మేది. కొడుకు రత్నాకర్ లారీ మీద పోతే నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. జమునకు కాన్పు అయి ఇంకా పురుడు మైల పోలేదు.

ఆ బంగళాను భూముల వ్యాపారం చేసే ఇంద్రసేన కొన్నాడు. కొన్నవాడు తెల్లచొక్కా వేసుకుని నేరుగా హెర్బర్ట్ దుకాణానికే వచ్చాడు.

"తలుపులన్నీ చెదలు వట్టినయ్ మేస్త్రీ. పాపం, కిరాయిదారులు తిప్పల వడుతున్రు. కొత్తయి వెయ్యాలె. పోయి కొలతలు దీస్కొని రా" అన్నాడు. ఎంతో మెత్తగా మాట్లాడాడు.

హెర్బర్ట్ వెళ్ళాడు. ఒక్కో గుమ్మానికి అడ్డం పైన, నడుమ, అడుగున మూడు చోట్లా కొలిచాడు. నిలువు రెండు పక్కలా కొలిచాడు. మూల నుంచి మూలకు టేపు లాగి గుమ్మం ఎటైనా ఒరిగిందేమో చూశాడు. శ్రీరామమూర్తి సంతోషం పట్టలేక అతనికి కాఫీ పెట్టి ఇచ్చాడు. "ముప్పై ఏళ్ళ తర్వాత మంచి ఓనరు దొరికాడయ్యా" అని పదే పదే అన్నాడు. యాదవ్వ మాత్రం కొంగు నడుముకు చుట్టుకుని తలుపును గుద్ది చూపించింది.

"గీ తలుపుకు ఏమైంది? టేకుది. రాయి లెక్క ఉన్నది. చెద యాడుందో జర చూపియ్యి."

చెద ఎక్కడా లేదు. హెర్బర్ట్‌కు ఆ సంగతి కనిపించింది కూడా. కానీ ఇంటి ఓనరు తన తలుపులు మార్చుకుంటానంటే వడ్రంగి కాదనేదేముంది? కొత్తవి తయారయ్యేదాకా పాతవి ఊడదీయవద్దని మాత్రం ఇంద్రసేనకు గట్టిగా చెప్పి, పని మొదలుపెట్టాడు. మద్దిచెక్కతో దర్వాజలు, అంటే తలుపు చుట్టూ నిలిపే చట్రాలు, కోసి, పలకలు కూర్చాడు. ఇంతలో, పని జర ఆపమని ఇంద్రసేన నుంచి కబురు వచ్చింది. ఎందుకో చెప్పలేదు. హెర్బర్ట్ వేరే పనిలో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

జరిగింది యాదవ్వ నోటనే విన్నాడు. కాలరు వదిలి, చెక్కపొట్టు మీద కూలబడి చెప్పింది. బాలమల్లు అనే పహిల్వాను మనుషులను వేసుకుని వచ్చాడట. మేస్త్రీ కొలతలు తీసుకుపోయాడు, కొత్త తలుపులు రేపు పొద్దున వస్తాయి, పాతవి ఊడదీయమన్నాడు అని చెప్పాడట. కొలవడానికి వచ్చిన మనిషిని అందరూ చూశారు కాబట్టి నమ్మారు. తలుపులు ఊడదీసి ఊరుకోలేదు, గడ్డపారలతో దర్వాజలు కూడా పీకారు. మర్నాడు కొత్త తలుపులు రాలేదు. బాలమల్లు మనుషులు వచ్చి వసారాలో మకాం వేశారు. పేకాడతారు, తాగుతారు, ఎప్పుడంటే అప్పుడు ఇళ్ళల్లోకి నడిచివచ్చి కుండలో నీళ్ళు ముంచుకుంటారు. జమున పిల్లకు పాలిస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చుంటారు. ఇదేమిటని అడిగిన శ్రీరామమూర్తిని గుద్దితే ముందు పళ్ళు ఊడిపోయాయి. తను అడ్డం పోతే చెంప పగలగొట్టారు.

"ఖాలీ చేసిపోయేదాక గిట్లనే ఉంటదట" అంది యాదవ్వ. "నీ పేరే చెప్పుకుంట తలుపులు వీకిన్రు, బిడ్డా."

'తలుపులు మింగితివి' అన్నప్పుడు రాని కోపం ఆ 'బిడ్డా' అన్నప్పుడు వచ్చింది హెర్బర్ట్‌కు. చేతిలోది కింద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు.

ముందు బంగళాకు వెళ్ళి చూశాడు. తను అంగుళం అంగుళం కొలిచిన గుమ్మాలు నోళ్ళు వెళ్ళబెట్టి ఉన్నాయి. దర్వాజ పీకిన చోట ఇటుకలు వేలాడుతున్నాయి, గచ్చు పెళ్ళలుగా రాలి ఉంది. గోడ బొక్కలోంచి వాన జల్లు పక్కల మీదికి కొట్టి బొంతలు తడిసిపోయాయి. వెనక వాటా గుమ్మానికి రెండు చీరలు కలిపి కట్టారు. ఆ చీరల వెనక నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. వసారాలో కూర్చున్నవాళ్ళు పేకముక్కలు పంచుకుంటూ అతన్ని చూసి నవ్వారు.

అక్కణ్ణించి గన్‌ఫౌండ్రీలోని ఇంద్రసేన ఆఫీసుకు వెళ్ళాడు. లోపలి గది తలుపు దగ్గర ఆగిపోయాడు. పాత టేకు తలుపు, ఇత్తడి కడియాలు, పైన తామరపువ్వు చెక్కడం. శ్రీరామమూర్తి వాటా తలుపు! చక్కగా పాలిష్ పట్టించి, కొత్త కబ్జాలు వేసి బిగించుకున్నాడు. తలుపు బందులను నాంపల్లి వడ్రంగులు కబ్జాలనే అంటారు.

"సేఠ్, ఈ తలుపు నీది గాదు" అన్నాడు హెర్బర్ట్.

ఇంద్రసేన కుర్చీలోంచి లేవలేదు. "ఇల్లు నాదైతే తలుపు నాది గాదా?"

"గాడ పసిపిల్ల ఉన్నది. బాలింత ఉన్నది. నా పేరు చెప్పి ఊడదీపిస్తివి. ఇయ్యాలనే తలుపులు వాపస్ బిగించు. లేకపోతే నేనే ఊడదీసుకపోత."

అంటూనే పై కబ్జా మీద చెయ్యి వేశాడు. వెనక నుంచి ఎవరో నడుము మీద తన్నారు. పడ్డవాడిని లేవనివ్వకుండా ఇద్దరు ముగ్గురు కాళ్ళతో తొక్కారు. పక్కటెముక ఒకటి పట్‌మన్న చప్పుడు హెర్బర్ట్‌కు తన లోపలే వినిపించింది. జుట్టు పట్టి లేపినవాడు బాలమల్లు. మెడ లావు, గొంతు సన్నం. తాపీగా అడిగాడు:

"కబ్జా అంటే ఏందో ఎర్కేనా మేస్త్రీ? నేను చూపిస్త చూడు."

హెర్బర్ట్ ఎడమ చెయ్యి పట్టుకుని, తలుపుకూ దర్వాజకూ మధ్య, బందుల వైపు సందులో వేళ్ళు దూర్చాడు. ఆ సందుకు ఎంత బలం ఉంటుందో వడ్రంగికి తెలుసు. గడియ వైపు నొక్కుకుంటే గోరు నల్లబడుతుంది. బందుల వైపైతే ఎముక మిగలదు. అందుకే దెబ్బలకు అరవని హెర్బర్ట్ అప్పుడు మాత్రం అరిచాడు. "వద్దు వద్దు" అని బతిమాలాడు. ఇంద్రసేన కిటికీ వైపు తిరిగాడు. బాలమల్లు తలుపు మూశాడు. ఒకసారి మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు.

దవాఖానలో చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. ఉంగరపు వేలు మిగిలింది కానీ అది మళ్ళీ వంగలేదు. జయమణి డ్యూటీ నుంచి ఆయా నీలిరంగు చీరలోనే పరుగెత్తుకొచ్చింది. కట్టు చూసింది. ఏడవలేదు.

"ఎవరండీ?" అని అడిగింది. అతను జరిగినదంతా చెప్పాడు. ఠాణాలో ఫిర్యాదు తీసుకోలేదు. ఇంటి గొడవల్లో నువ్వెందుకు తలదూర్చావని ఉల్టా హెర్బర్ట్‌నే కసిరారు. జయమణి అతన్ని ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడు పనికి పోకుండా, ఎవరికీ చెప్పకుండా, బంగళాకు వెళ్ళి వచ్చింది. రోజూ బాలింతలకు నీళ్ళు పోసే మనిషి. తడిసిన బొంత మీద జమున, జ్వరంతో కాలిపోతున్న పిల్ల, చీర తెర అవతల బీడీ పొగ చూసి వచ్చింది.

"తలుపులు ఎంతవరకు వచ్చాయండీ?" అంది అన్నం వడ్డిస్తూ.

"పలకలు కూర్చిన. దర్వాజలు కోసిన. గని ఆ కొలతలు ఇప్పుడు పనికిరావు. గోడలు పలగ్గొట్టిన్రు గద."

"అయితే మళ్ళీ కొలుద్దాం. ఒక చివర నేను పట్టుకుంటాను."

హెర్బర్ట్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలో దయ ఏమీ లేదు. పళ్ళు బిగబట్టి ఉంది.

కుట్లు విప్పగానే ఇద్దరూ వెళ్ళారు. వసారాలో బాలమల్లు కాళ్ళు బారచాపి కూర్చున్నాడు. అడ్డుకోలేదు.

"కొలువు మేస్త్రీ, మంచిగ కొలువు. బొంద తవ్వనీకె గూడ కొలతలు గావాలె" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

హెర్బర్ట్ వేలాడే ఇటుకలను సుత్తెతో రాల్చి, గుమ్మం అంచు గట్టిగా ఉన్నంతవరకు చూసుకున్నాడు. "మూడు జాగలల్ల కొలువు. అన్నిట్ల ఏది తక్కువుంటే గదే మన కొలత" అని భార్యకు చెప్పాడు. జయమణి స్టీలు టేపు కొసను అరచేతిలో అదిమి పట్టుకుంది. పైన కొలిచారు, నడుమ కొలిచారు. అడుగున వంగి కొలుస్తుండగా బాలమల్లు లేచి వచ్చి, టేపు నడుమ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. రేకు అంచు ఆమె అరచేతిని బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా కోసేసింది. రక్తం ఆమె చీర మీదా, గడప స్థలంలోని ఇటుకల మీదా బొటబొటా కారింది.

హెర్బర్ట్ సుత్తె ఎత్తాడు. జయమణి మరో చేత్తో అతని చెయ్యి పట్టుకుంది. కొంగు చింపి అరచేతికి చుట్టుకుంది. మళ్ళీ టేపు కొస తీసుకుంది.

"అడుగున ఎంతండీ? మళ్ళీ చెప్పండి" అంది.

బాలమల్లు నవ్వాడు కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఒంటి చేత్తో హెర్బర్ట్ చిత్రిక పట్టలేకపోయాడు. సందులోని తోటి వడ్రంగులు వచ్చి పట్టి ఇచ్చారు. ఎవరూ కూలి అడగలేదు, ఎవరూ బంగళా దాకా వస్తామనీ అనలేదు. లష్కర్ బోనాల ఆదివారం నాడు బాలమల్లు మనుషులంతా సికింద్రాబాద్ పోయారని యాదవ్వ కబురు చేసింది. జయమణి ఆ వారం చర్చి మానేసింది. సామాను రిక్షా మీద వేసుకుని పొద్దున్నే వెళ్ళారు. అన్ని గుమ్మాలకూ సమయం చాలదు. యాదవ్వ వాటాకు ముందు బిగించాలని, మిగతావి బిగించేదాకా అందరూ అందులోనే ఉండాలని అనుకున్నారు. శ్రీరామమూర్తి తన ట్రంకుపెట్టె తెచ్చి లోపల పెట్టుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఇటుకలు అందించాడు. దర్వాజ నిలబెట్టి, గోడలోకి ఇనుప పట్టీలు దిగగొట్టి, సందుల్లో సిమెంటు కూరారు. తలుపును జమున, జయమణి ఎత్తి పట్టుకుంటే హెర్బర్ట్ కుడిచేత్తో స్క్రూలు తిప్పాడు. అతను అలిసిపోతే జమున తిప్పింది. లోపల అడ్డగడియ వేసి చూశారు. ఇన్ని రోజుల తర్వాత జమున మొదటిసారి తలుపు మూసుకుని స్నానం చేసింది.

"జర ఆగాలె. సిమెంటు గట్టివడేదాక ఎవ్వలు తలుపును గుద్దొద్దు" అన్నాడు హెర్బర్ట్.

సాయంత్రం వెలుగు ఉండగానే వాళ్ళు తాగి వచ్చారు. ఒళ్ళంతా పసుపు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూసి ఉన్న తలుపును చూసి బాలమల్లు మొదట చేత్తో తట్టాడు. చుట్టాలు వచ్చినట్టు మర్యాదగా తట్టాడు. తర్వాత గడ్డపార తెప్పించాడు.

మొదటి దెబ్బకు తలుపు చలించలేదు. మద్దిచెక్క అది. రెండో దెబ్బకు దర్వాజ పక్కనున్న పచ్చి సిమెంటు బెడ్డలు బెడ్డలుగా రాలింది. హెర్బర్ట్ వీపు ఆనించి కాళ్ళు తన్నిపట్టాడు. పక్కన జయమణి, ఆ పక్కన శ్రీరామమూర్తి ఆనుకున్నారు. గడ్డపార దెబ్బ పడ్డప్పుడల్లా చెక్కలోంచి అదురు హెర్బర్ట్ విరిగిన పక్కటెముకలోకి దిగుతోంది. జమున పిల్లను గంపలో పెట్టి, గంపను మూలకు జరిపి, దాని ముందు నిలబడింది. యాదవ్వ తూకం రాళ్ళన్నీ ఒడిలో వేసుకుంది.

"ఇయ్యాల మీ బోనం గీడనే!" అని బయట ఎవడో కేకవేశాడు.

పై పట్టీ ఊడింది. దర్వాజతో సహా తలుపు లోపలికి ఒరిగి పడిపోయింది. హెర్బర్ట్, జయమణి పక్కకు తప్పుకున్నారు కానీ శ్రీరామమూర్తి కాలు దాని కింద నలిగింది. తలుపు మీద కాలు పెట్టి బాలమల్లు లోపలికి వచ్చాడు. యాదవ్వ విసిరిన కిలో రాయి అతని నోటి మీద తగిలింది. పెదవి రెండుగా చీలింది. అతను ఆ నెత్తురు తుడుచుకోకుండానే ఆమె కొప్పు పట్టి తల గోడకేసి కొట్టాడు. రెండోసారి కూడా కొట్టాడు. గంప వైపు నడుస్తున్నవాడిని చూసి జమున కూత పెట్టింది.

హెర్బర్ట్ సుత్తెతో బాలమల్లు మోకాలి చిప్ప మీద కొట్టాడు. తడి కొబ్బరికాయ పగిలిన చప్పుడు వచ్చింది. కూలిపోయిన పహిల్వాను గడ్డపార కోసం చెయ్యి చాపితే ఆ మణికట్టు మీద కొట్టాడు. తర్వాత భుజం మీద కొట్టాడు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వెనక్కి తగ్గి, పరుగు తీశారు. ఇంక కొట్టాల్సిన పని లేదు. హెర్బర్ట్ ఆపలేదు. ప్రతి దెబ్బకూ లోపల ఏదో చల్లబడుతున్నట్టు, ఎన్నో ఏళ్ళ దాహం తీరుతున్నట్టు ఉంది. తండ్రి కొలబద్ద ఎత్తినప్పుడు ఆయన మొహం ఎట్లా వెలిగేదో అతనికి గుర్తుంది. తన మొహం ఇప్పుడు అట్లాగే ఉందని అతనికి తెలుస్తూనే ఉంది, అయినా చెయ్యి లేస్తూనే ఉంది.

నుదురు చిట్లి నెత్తురు కళ్ళల్లోకి కారుతున్న యాదవ్వే దేక్కుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"చాలు బిడ్డా. సస్తడు. ఇడిసిపెట్టు."

జయమణి గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. ఆమె మాత్రం ఆపమనలేదు.

బాలమల్లు బతికాడు. పోలీసులు అతన్ని దవాఖానకు, హెర్బర్ట్‌ను ఠాణాకు తీసుకుపోయారు. హెర్బర్ట్ మీద హత్యాయత్నం కేసు పెట్టారు. బెయిలు వచ్చేదాకా చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. ఆ లోపల కొట్లాటలకు కొదవలేదు కానీ పహిల్వానును పడగొట్టిన మనిషని అతని జోలికి ఎవరూ రాలేదు. ఆ సంగతి ఎవరైనా మెచ్చుకోబోతే అతను లేచి అవతలికి పోయేవాడు. ఇంద్రసేన తనకు బాలమల్లు ఎవరో తెలియదన్నాడు. కానీ ఇంత రక్తం పారాక ఆబిడ్స్ అంతా తెలిసిపోయింది. పేపర్లో వచ్చింది. శ్రీరామమూర్తి కాలికి కట్టుతోనే కోర్టుకు వెళ్ళి, ఖాళీ చేయించకుండా స్టే తెచ్చాడు. వసారా ఖాళీ అయింది. లారీ దిగి వచ్చిన రత్నాకర్ తల్లి తలకు పడిన కుట్లు చూసి గోడకు తల బాదుకున్నాడు. హెర్బర్ట్ జైలు నుంచి వచ్చాక అతన్ని వెంటబెట్టుకుని, అన్ని గుమ్మాలకూ మళ్ళీ దర్వాజలు నిలబెట్టి, సిమెంటు పూర్తిగా ఆరాకే తలుపులు బిగించాడు.

ఇంద్రసేనను మూడేళ్ళ తర్వాత, పట్టపగలు, సొంత మనుషులే ఏదో భూమి తగాదాలో కత్తులతో నరికి చంపారు. బంగళా అతని అన్నదమ్ముల కేసుల్లో పడి అట్లాగే ఉండిపోయింది. యాదవ్వ ఆ వాటాలోనే పోయింది. ఒక మధ్యాహ్నం బజారు నుంచి వచ్చి అడ్డగడియ పెట్టుకుని పడుకున్న మనిషి, ఎంత పిలిచినా లేవలేదు. రత్నాకర్ హెర్బర్ట్ కోసం పరుగెత్తుకొచ్చాడు. తను బిగించిన తలుపును తనే గడ్డపార వేసి పగలగొట్టాల్సి వచ్చింది. అది అంత తొందరగా లొంగలేదు. కొడుకు "అమ్మా, అమ్మా" అని బయట మొత్తుకుంటుంటే, హెర్బర్ట్ చెక్కను తిడుతూ, తనను తను తిట్టుకుంటూ బాదాడు. తలుపు పడేసరికి ఆమె ఒళ్ళు చల్లబడి ఉంది. పాత దెబ్బ మచ్చ నుదుటి మీద తెల్లగా కనిపించింది.

ఆ తర్వాత హెర్బర్ట్ సుత్తె పట్టడం మానేశాడు. ఎడమచెయ్యి ఉలిని పట్టలేదన్నది ఒక కారణం. కుడిచేతికి సుత్తె తగలగానే భుజంలోంచి ఒక సంబరం పాకి వచ్చేది. ఆ సంబరానికి భయపడటం రెండో కారణం. ఈ రెండోది జయమణికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దుకాణం ఎత్తేసి, యంత్రాల మీద తయారైన తలుపులు అమ్మే ఒక షోరూముకు కొలతలు తీసే పనిలో చేరాడు. హిమాయత్‌నగర్‌లో, నారాయణగూడలో కొత్త అపార్టుమెంట్లు లేస్తున్న రోజులవి. ఖాళీ గుమ్మాల ముందు నిలబడి టేపు లాగేవాడు. ఒక్కోసారి ఏ తలుపూ లేని ఫ్లాటులో, సాయంత్రం కూలీలు వెళ్ళిపోయాక, వెనక అడుగుల చప్పుడైతే గోడకు వీపు ఆనించి నిలబడేవాడు. వచ్చినవాళ్ళు వాచ్‌మనో, ఓనరో అయ్యేవాళ్ళు. "ఏమైంది మేస్త్రీ, చెమటలు పట్టినయ్?" అని అడిగేవాళ్ళు.

కేసు నాంపల్లి కోర్టులో ఏళ్ళ తరబడి సాగింది. 2003లో రాజీ కుదిరింది. బాలమల్లు చంక కర్ర మీద వచ్చాడు. మెడ సన్నబడింది. ఇద్దరూ సంతకాలు పెట్టి బయటికి వచ్చాక, మెట్ల దగ్గర అతను ఆగాడు.

"మేస్త్రీ, వానొస్తే మోకాలు గుంజుతది. నిద్ర వట్టది" అన్నాడు.

హెర్బర్ట్ తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. "నాకు లేని వేళ్ళు గుంజుతయ్."

"ఔ?"

"ఔ."

బాలమల్లు చంక కర్ర సర్దుకున్నాడు. "గప్పుడు నీ ఇంటామె చెయ్యి... నేను గంత తెగుతదనుకోలే" అన్నాడు. హెర్బర్ట్ మెట్లు దిగడానికి అతనికి చెయ్యి అందించాడు. ఎందుకు అందించాడో అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియలేదు. కింది మెట్టు దాకా దింపి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి జయమణికి చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతోంది. అరచేతి మచ్చ బిగుసుకుపోయి ఆ బొటనవేలు సరిగ్గా ఆడదు. పసిపిల్లలను ఆ చేత్తో ఎత్తడం కష్టమై ఆయా పని ఎప్పుడో మానేసింది.

"మీరు చెయ్యి ఇచ్చారా?" అంది.

"ఇచ్చిన."

"మీ ఇష్టం. నేనైతే ఇవ్వను."

చెప్పినట్టే చేసింది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది, ముందు వరసలోనే కూర్చునేది, గొంతెత్తి పాడేది. అందరూ కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు, తమకు తప్పు చేసినవాళ్ళను క్షమించామనే మాట వచ్చే చోట మాత్రం జయమణి పెదవులు మూసుకునేది. ఆ మాట దాటాక మళ్ళీ అందుకునేది. పక్కన నిలబడిన హెర్బర్ట్‌కు ఆ కాసేపు మౌనం స్పష్టంగా వినిపించేది. అతను ఒక్కనాడూ ఆమెను అడగలేదు.